పాత ల్యాప్‌టాపు – క్రొత్త సూత్రధారుడు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయమును విని కొందఱు మిత్రులు నవ్విరి. ముప్పది రెండేండ్లు పాఠశాలలో సంధులు, సమాసములు, ఛందస్సు చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు కంప్యూటరుతో నేమి పని యని వారి యాక్షేపణము. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. ఒక పాత ల్యాప్‌టాపును స్వహస్తములతో బాగుచేసికొన్నవాడను మాత్రమే. అయినను క్రొత్తగా నేర్చినవాడు చెప్పుటలో ఒక లాభము కలదు. త్రోవలో ఎచ్చట కాలు జాఱునో వానికింకను మఱపు రాలేదు.

నా ల్యాప్‌టాపు 2016లో కొన్నది. దానిలో నుండినది విండోస్ 10 అను వ్యవస్థ. మైక్రోసాఫ్టు సంస్థవారు దానిని 2015లో విడుదలచేసి, 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి సామాన్యముగా నిచ్చు రక్షణ సవరణలను నిలిపివేసిరి. నమోదు చేసికొన్నవారికి మఱియొక యేడాది గడువు ప్రకటించిరి గాని, గడువు పరిష్కారము కానేరదు. రక్షణ సవరణ యననేమి? తలుపు గడియలో లోపము బయటపడినప్పుడు వడ్రంగి వచ్చి సరిచేయుట వంటిది. వడ్రంగి రాక మానినచో ఇల్లు ఆ దినముననే కూలదు. కాని దొంగకు తెలిసిన లోపము లోపముగనే యుండిపోవును. పింఛను ఖాతాను ఆ యంత్రముననే చూచుకొను నావంటివానికి ఇది చిన్న సంగతి కాదు.

అటుపిమ్మటి వ్యవస్థయైన విండోస్ 11 అనునది 2021లో వచ్చినది. దానికి టీపీఎం 2.0 అను రక్షణాంగమును, సంస్థవారి పట్టికలో చేరిన ప్రాసెసరును ఉండవలెను. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో ఆ పట్టిక ప్రాయికముగా ఎనిమిదవ తరముతో మొదలగును. నాది ఆఱవ తరము. అంగడిలో చూపగా, దీనికి కాలము చెల్లినది, పాత సామానుక్రింద ఇచ్చివేసి క్రొత్తది కొనుడనిరి. తెర వెలుగుచున్నది, మీటలన్నియు పనిచేయుచున్నవి, అయినను మరణశాసనము వ్రాయబడినది.

నాకు యంత్రముపై మమకారము లేదు. దానిలోని సొత్తుపై కలదు. నేను భాషాప్రవీణ చదువు దినములలో మా గురువుగారు బాలవ్యాకరణమునకు చెప్పిన వివరణలను మూడు పుస్తకములలో వ్రాసికొంటిని. వారు గతించిరి. ఆ పుస్తకములకు చెదలు సోకినది. ఉద్యోగము చాలించిన పిదప దినమునకు ఒకటి రెండు పుటల చొప్పున నాలుగు వందల పుటలకు పైగా ఆ ల్యాప్‌టాపున టైపు చేసితిని. యంత్రము పోయిన అదియు పోవునేమో యని నా భయము.

సంక్రాంతికి వచ్చిన నా పూర్వవిద్యార్థి యొకడు ఈ కథ విని, "మాస్టారూ, కాలము చెల్లినది యంత్రమునకు కాదు, దానిలోని వ్యవస్థకు. లినక్సు వేసికొనుడు" అనెను. అతడు సెలవు తీఱి వెడలిపోయెను. పని నా మీద పడెను.

మొదట ఆ పేరు దేనిదో తెలిసికొందము. సంస్కృత నాటకములో సూత్రధారుడుండును. పాత్రధారులు ఎవరెప్పుడు ప్రవేశింపవలెనో, ఎవరికెంత స్థలమో నిర్ణయించువాడు అతడే. ప్రేక్షకులు పాత్రలను చూతురుగాని అతని పనిని చూడరు. కంప్యూటరులో ఆ పని చేయునది ఆపరేటింగ్ సిస్టము. మీరు మీట నొక్కిన అక్షరము తెరపై కనబడుటకును, ఫైలు డిస్కుపై నిలుచుటకును, రెండు పనులు ఒకదానినొకటి త్రొక్కుకొనకుండ సాగుటకును అదియే కారణము. దాని హృదయభాగమునకు కెర్నెల్ అని పేరు. లినక్సు అట్టి కెర్నెల్.

1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని వ్రాయ మొదలిడెను. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను పేరిట, ఎవరైనను వాడుకొనదగిన, చదువదగిన, మార్చదగిన, పంచదగిన వ్యవస్థను నిర్మింతునని ప్రకటించియుండెను. ఆతని ఉపకరణములు సిద్ధమైనవి గాని హృదయము కొఱతపడినది. టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ను 1992లో గ్నూ వారి లైసెన్సు క్రిందికి తెచ్చుటతో ఆ కొఱత తీఱినది. నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటి లోపల నున్నది ఈ కెర్నెలే. 2017 నవంబరు మొదలుకొని ప్రపంచములోని మొదటి అయిదువందల మహాకంప్యూటర్లును దీనితోనే నడచుచున్నవి. కావున ఇది పేదల యంత్రములకై చేసిన నాసి సరకు కాదు.

ఇంగ్లీషువారు దీనిని ఫ్రీ సాఫ్ట్‌వేరు అందురు. ఆ భాషలో ఫ్రీ అను ఒక్క మాటకే వెల లేనిదనియు, బంధము లేనిదనియు రెండర్థములుండుటచే వారికి ఎప్పుడును వివరణ చెప్పుకొనవలసిన కష్టము. మనకా కష్టము లేదు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. హైదరాబాదున ఈ యుద్యమము నడపువారు తమ సంస్థకు స్వేచ్ఛ యనియే పేరిడుకొని, తెలుగున కనబడు వ్యవస్థను కూర్చిరి. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు నేర్చునదియు ఈ జాతి వ్యవస్థయే.

ఒకే బియ్యముతో పులిహోర, దద్ధ్యోదనము, చక్కెరపొంగలి వండినట్లు, ఒకే కెర్నెల్‌తో పలువురు పలు విధములైన పంపకములు కూర్చిరి. 1993లో మొదలైన డెబియన్, దానిపై నాధారపడి 2004లో వెలువడిన ఉబుంటు, దానిపై నాధారపడి 2006లో వచ్చిన లినక్స్ మింట్ అట్టివి. విండోస్‌కు అలవాటుపడిన కన్నునకు మింట్ పరాయిగా తోచదు. క్రింద పట్టీ, ఎడమప్రక్క మెనూ ఉండును. దాని 22వ సంచికకు కనీసము 2 జీబీ జ్ఞాపకశక్తి చాలును, 4 జీబీ యుండిన సుఖము. డిస్కుపై 20 జీబీ కనీసము. 2029వఱకు దానికి సవరణలు వచ్చునని ప్రకటింపబడినది. నా యంత్రమునకు 4 జీబీయే గావున, అందులో తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమును ఎంచుకొంటిని.

ఇక పని. దీనికి నాలుగు మెట్లు కలవు.

మొదటి మెట్టు నకలు. మీ ఫైళ్లన్నిటిని యంత్రమునకు వెలుపల రెండు చోట్ల దాచుడు. ఒక నకలు నకలు కాదని గుర్తుంచుకొనుడు. పెన్‌డ్రైవు పోవుటకు ముహూర్తము అక్కఱలేదు. నకలు తీసిన పిదప దానిని వేఱొక యంత్రములో తెఱచి చూడుడు. కొన్ని ల్యాప్‌టాపులలో డిస్కు బిట్‌లాకర్ అను తాళముతో బిగింపబడియుండును. దానికి 48 అంకెల తాళపుచెవి కలదు. ఆరంభపు అమరికలను కదల్చినప్పుడు యంత్రము దానిని అడుగును. నా మిత్రుడొకడు ఆ సంఖ్యను ముందు వ్రాసియుంచుకొనక, తన కుమార్తె వివాహపు ఛాయాచిత్రములను పోగొట్టుకొనెను. ముందే చూచుకొనుడు.

రెండవ మెట్టు పెన్‌డ్రైవు. మింట్ వారి స్థలము నుండి వ్యవస్థ నంతయు నొక్క ఫైలుగా దింపుకొనవలెను. అది సుమారు 3 జీబీ పరిమాణముండును. 8 జీబీ పెన్‌డ్రైవు చాలును. ఇచ్చట నేను మొదటి తప్పు చేసితిని. దిగిన ఫైలును పాటలను ఎక్కించినట్లు పెన్‌డ్రైవులోనికి నకలు చేసితిని. యంత్రము దానిని గుర్తింపనే లేదు. సీసపు అక్షరములను పెట్టెలో పోసి యుంచినంత మాత్రమున పుట అచ్చుపడదు. వానిని వరుసగా కూర్చి ఫారమునందు బిగింపవలెను. అట్లు కూర్చుటకు రూఫస్, ఎచర్ వంటి చిన్న సాధనములు కలవు. అవి పెన్‌డ్రైవులోని పూర్వపు సరకునంతయు తుడిచివేయునని మఱవకుడు.

దిగిన ఫైలు చెడలేదని యెట్లు తెలియును? దానికొక పరీక్ష కలదు. షా-256 అను గణనముచే ఆ ఫైలునుండి 64 అక్షరముల సంఖ్య యొకటి పుట్టును. ఫైలులో ఒక్క బిందువు మాఱినను సంఖ్య వేఱగును. మింట్ వారు ప్రకటించిన సంఖ్యతో మీది సరిపోయిన ఫైలు నిర్దుష్టము. వేదపాఠకులు పద, క్రమ, జటా, ఘన పాఠములచే ఒక్క స్వరము తప్పకుండ శ్రుతిని కాపాడిన విధము తెలిసినవారికి ఈ పరీక్ష క్రొత్తగా తోచదు.

మూడవ మెట్టు ప్రయోగము. పెన్‌డ్రైవును తగిలించి, యంత్రమును మరల వెలిగించుచు, ఆరంభపు మెనూ మీటను నొక్కవలెను. అది కొన్ని యంత్రములలో ఎఫ్12, కొన్నిట ఎఫ్9, మఱికొన్నిట ఎస్కేప్. అందులో పెన్‌డ్రైవును ఎంచుకొన్నచో లినక్సు దానినుండియే మేల్కొనును. మీ డిస్కుపై ఒక్క అక్షరమైనను వ్రాయదు. నచ్చనిచో యంత్రమును ఆర్పి పెన్‌డ్రైవును తీసివేసిన పాత వ్యవస్థ యథాతథముగా నుండును. పెండ్లిచూపుల వంటి ఈ దశను తొందరపడి దాటకుడు. శబ్దము వచ్చుచున్నదా, కెమెరా పనిచేయుచున్నదా, ప్రింటరు వినుచున్నదా, మూత మూసి తెఱచిన మేల్కొనుచున్నదా, ఒక్కొక్కటియే పరీక్షింపుడు. నా యంత్రమున వై-ఫై కనబడలేదు. ఫోనును తీగతో తగిలించి దాని యింటర్నెట్టును యంత్రమునకు ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ అను దానిని తెఱవగా, కావలసిన డ్రైవరును అదియే చూపెను.

ఈ దశలోనే నాకు అసలు విపత్తు ఎదురైనది. గురువుగారి వివరణములున్న ఫైలును తెఱచితిని. తెలుగు అక్షరమొక్కటియు లేదు. నాలుగు వందల పుటల నిండ ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు. చెదలు తినిన పుస్తకమైనను అక్కడక్కడ చదువవచ్చును, ఇది అట్లును గాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణము తరువాత తెలిసినది. నేను టైపు చేసినది వెనుకటి రకపు అక్షరరూపములతో. వానిలో ఫైలునందు నిలుచునది తెలుగు అక్షరము కాదు, ఇంగ్లీషు అక్షరపు సంకేతము. దానిమీద తెలుగు బొమ్మ తొడుగబడియుండును. బొమ్మ లేనిచోట తొడుగు ఊడి లోపలిది బయటపడును. యూనికోడ్ అట్లు కాదు. అందు తెలుగు అక్షరములకు తమవైన స్థానములు కలవు; అరసున్నకును, బండి ఱకును సైతము వేఱువేఱు స్థానములున్నవి. యూనికోడ్‌లో వ్రాసినది ఏ యంత్రముననైనను, ఏ వ్యవస్థయందైనను తెలుగుగనే కనబడును.

కావున నేనానాడు యంత్రమును ఆర్పి, పాత వ్యవస్థకే మరలి పోయితిని. ప్రయోగదశను దాటివేసి డిస్కును తుడిచియుండినచో, ఆ అక్షరరూపములును వానిని చదువు సాధనమును ఒక్కమాఱుగా పోయియుండెడివి. పాత వ్యవస్థ యుండగనే మార్పుసాధనము నొకదానితో ఫైలును యూనికోడ్‌లోనికి మార్చితిని. అది క్షణములో పని ముగించినది. నాకు మూడు నెలలు పట్టినది. ఏలయన, అరసున్నలు చాలచోట్ల లోపించినవి, బండి ఱలు సాధారణ రేఫములైనవి. ఏఁడు అనగా సంవత్సరము, ఏడు అనగా సంఖ్య. ఏఱు అనగా నది, ఏరు అనగా పోగుచేయుట. వ్యాకరణగ్రంథమున ఈ భేదము పోయిన మిగులునదేమి? చెదలు మిగిల్చిన వ్రాతపుస్తకములను ముందుంచుకొని పుట పుటయు సరిచూచితిని. మనము వ్రాసినది మనకు నిలువవలెనన్న, అది ఏ యొక్క అంగడి సాధనమునకును చెఱలో నుండరాదని ఆ మూడు నెలలు నాకు నేర్పినవి.

నాలుగవ మెట్టు స్థాపన. తెరపై నున్న ఇన్‌స్టాల్ గుర్తును నొక్కిన వరుసగా ప్రశ్నలు వచ్చును: భాష, మీటల అమరిక, కాలము, పేరు, పాస్‌వర్డు. మన దేశకాలమునకు పటములో కోల్‌కతా యని చూపును. వీనిలో పొరపాటు జరిగినను తరువాత దిద్దుకొనవచ్చును. దిద్దుకొనరాని ప్రశ్న ఒక్కటే: డిస్కునంతయు తుడిచి క్రొత్త వ్యవస్థను నిలుపుటయా, పాతదాని ప్రక్క నిలుపుటయా? మొదటిది సులువు, శుభ్రము. కాని మరలి వచ్చుట లేదు. రెండవది రెండు వ్యవస్థలను ఉంచును. యంత్రము వెలిగినప్పుడెల్ల ఏది కావలెనో అడుగును. ఈ రెండవదానిని ఎంచుకొన్నవారికి ఒక వింత కనబడవచ్చును. పాత వ్యవస్థలో గడియారము అయిదున్నర గంటలు వెనుకబడును. యంత్రములోని గడియారమును లినక్సు ప్రపంచకాలముగాను, విండోస్ దేశకాలముగాను ఎంచుటయే దీనికి కారణము. ఒక్క యాజ్ఞతో సరిపడును. పంచాంగము తప్పినదని కలవరపడనక్కఱలేదు.

నేను నకళ్లను మరల సరిచూచుకొని మొదటిదానిని ఎంచుకొంటిని. తిరుగుడు డిస్కును తీయించి ఎస్.ఎస్.డి. యను నిశ్చలమైన డిస్కును ముందే వేయించితిని. పాత యంత్రమునకు దీనికి మించిన ఔషధము లేదు. స్థాపనకు అరగంట పట్టినది. పూర్వము యంత్రము మేల్కొనులోపల నేను కాఫీ త్రాగి గ్లాసు కడిగి వచ్చువాడను. నేడు కుర్చీ సర్దుకొనులోపల సిద్ధముగా నుండును.

తరువాతి సంసారము సులభము. వ్రాతకు లిబ్రే ఆఫీసు, చూచుటకు ఫైర్‌ఫాక్సు దానితోనే వచ్చును. తెలుగు వ్రాయుటకు ఐబస్ అను సాధనమును చేర్చుకొన్న, ఇన్‌స్క్రిప్టు పద్ధతియు, ఇంగ్లీషు మీటలతో ఉచ్చారణ ననుసరించి వ్రాయు పద్ధతులును లభించును. పోతన, వేమన పేళ్లుగల అక్షరరూపములును ఉచితముగా దొరకును. వారమున కొకమాఱు అప్‌డేట్ మేనేజర్ చెప్పిన సవరణలను అంగీకరింపుడు. టైమ్‌షిఫ్ట్ అనుదానిని నియమించిన, వ్యవస్థ చెడినప్పుడు మొన్నటి స్థితికి తెచ్చును. అది వ్యవస్థను కాపాడును గాని సామాన్యముగా మీ ఫైళ్లను కాపాడదు, వానికి వేఱు నకలు ఉండవలెను. సాఫ్ట్‌వేరును మింట్ వారి భాండారమునుండియే తీసికొనుడు. ఎవరో చెప్పిన ఆజ్ఞను అర్థము తెలియక టెర్మినల్‌లో వ్రాసి పాస్‌వర్డు ఇయ్యకుడు. అర్థము తెలియని మంత్రమును ఇతరుల ఇంట జపించుట యెట్టిదో, ఇదియు నట్టిదే; ఇల్లు మాత్రము మనది.

దోషములను దాచరాదు. విండోస్‌కై మాత్రమే చేయబడిన కొన్ని లెక్కల సాధనములు, అచ్చుపనివారు వాడు పుటల కూర్పు సాధనములు, కొన్ని కార్యాలయములు కోరు డిజిటల్ సంతకపు పరికరములు, కొన్ని యాటలు దీనిపై నడువవు. లేక శ్రమతో నడచును. జీవనము వానిపై నాధారపడినవారు రెండు వ్యవస్థలను ఉంచుకొనుట మేలు. కొన్ని ప్రింటర్లు మొండికెత్తును. నాది రెండు దినములు మొండికెత్తి మూడవ దినమున దారికి వచ్చినది. పదియేండ్ల బ్యాటరీకి ఏ వ్యవస్థయు యౌవనము ఈయజాలదు.

శ్రోతలారా, మీ యింట మూలబడిన ల్యాప్‌టాపు ఉండిన, దానిని అమ్మివేయుటకు ముందు ఒక సాయంకాలమును, ఒక పెన్‌డ్రైవును వెచ్చించి ప్రయోగదశ వఱకైనను వెళ్లి చూడుడు. అంతవఱకు పోవుటకు వ్యయము లేదు, నకలు చేసియుంచుకొన్న భయమును లేదు. చదువుకొను పిల్లలకు అట్టి యంత్రము ఎంతయో యుపకరించును. అంతకంటె ముందు, లినక్సు వేసికొన్నను వేసికొనకున్నను, మీరు తెలుగున వ్రాసియుంచిన పాత ఫైళ్లను ఒకమాఱు తెఱచి, అవి యూనికోడ్‌లో నున్నవో లేవో చూచుకొనుడు. లేనిచో వానిని చదువు సాధనము మీకడ నుండగనే మార్చుకొనుడు.

మా గురువుగారి వివరణములు ఇప్పుడు మూడు చోట్ల భద్రముగా నున్నవి. అరసున్నలన్నియు స్వస్థానములకు వచ్చినవి. ఈ ప్రసంగమును గూడ ఆ పాత ల్యాప్‌టాపుననే వ్రాసితిని.